ముందు ఒక వాక్యం, తర్వాత కెమెరా: నేను ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న దారి

నా కెమెరా సంచిలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంటుంది. తీసి దాచుకున్న ప్రతి ఫొటోకీ అందులో ఒక వాక్యం ఉంటుంది. "కిటికీ వెలుగు అమ్మ వేళ్ల మీదే పడింది, ముఖం నీడలో ఉంది." "వాన వెలిశాక సైకిల్ సీటు మీద నిలిచిన నీళ్లలో ఆకాశం ముక్క కనిపించింది." "ఖాళీ బల్ల మీద ఒక్క ఆకు, దానికంటే పొడవుగా దాని నీడ." షట్టర్ నొక్కకముందే మనసులో అనుకుని, ఇంటికొచ్చాక కాగితం మీద పెట్టిన మాటలివి. డిజిటల్ ఫొటోగ్రఫీని హాబీగా మొదలుపెడదామనుకునే వాళ్లు ఎవరు నన్ను అడిగినా, ముందు చెప్పేది ఈ పుస్తకం గురించే.

మొదట్లో నాకు ఈ అలవాటు లేదు. నా 41వ ఏట అన్నయ్య తను వాడటం మానేసిన కెమెరాను, దానికున్న ఒకే ఒక్క లెన్సుతో సహా నా చేతిలో పెట్టాడు. ఆరు నెలల్లో 4,000కు పైగా ఫొటోలు తీశాను. లెన్సులో వెలుగు దూరే రంధ్రం పేరు అపర్చర్, ఫొటో ప్రకాశాన్ని పెంచే అంకె పేరు ఐఎస్ఓ, అన్నీ కంఠతా పట్టాను. ఫొటోలు మాత్రం మొదటి రోజు ఎలా ఉన్నాయో ఆరో నెలలోనూ అలాగే ఉన్నాయి. అప్పుడే ఆన్‌లైన్‌లో నాలాంటి వాళ్లు కొందరు పరిచయమయ్యారు. మొత్తం తొమ్మిది మందిమి. ఈ రోజుకీ ఒకరినొకరం ఎదురుపడి చూసుకోలేదు. ఆదివారం రాత్రి తలా ఒక ఫొటో పెట్టాలి, మిగతా ఎనిమిది మందీ దాని గురించి రాయాలి. అదొక్కటే మా నియమం. నేను మొదట పెట్టింది సాయంత్రం పూట వీధి ఫొటో. మాలో అందరికంటే పెద్దాయన ఒకరున్నారు, మాస్టారూ అని పిలుస్తాం. ఆయన ఒకే ప్రశ్న రాశారు: "ఏమ్మా, ఇక్కడ ఏం చూసి ఆగావు?"

జవాబు రాద్దామని ఫొటో తెరిచి చాలాసేపు చూశాను. దీపాలున్నాయి, మనుషులున్నారు, చెట్టుంది, ఆకాశముంది. నిజానికి నన్ను ఆపింది ఒక గోడ మీద పడిన చివరి ఎండ. ఫొటోలో అది కుడివైపు మూలన గోరంత ఉంది. నేను చూసింది ఒకటి, తీసింది ఇంకొకటి. ఆరు నెలలుగా జరుగుతున్నది ఇదేనని ఆ రాత్రి అర్థమైంది. నన్ను ఏది ఆపిందో ముందు ఒక వాక్యంలో అనుకుని, తర్వాతే తీయాలన్న అలవాటు అక్కడి నుంచి వచ్చిందే.

వాక్యం ఎలా ఉండాలి

"చాలా అందంగా ఉంది" అనేది వాక్యమే కానీ మనకు పనికిరాదు. కంటికి కనిపించే వస్తువు, దానికి ఏమవుతున్నదీ అందులో ఉండాలి. "గాలికి తెర లోపలికి ఉబ్బింది" అనుకున్నారంటే, చేయాల్సిన పనులు వాటంతట అవే తెలుస్తాయి. తెర ఫ్రేములో పెద్దగా ఉండాలి. ఉబ్బిన క్షణం దొరకాలి. గదిలో మిగతా సామాను కనిపించక్కర్లేదు.

మొదటి వారం కెమెరా ముట్టుకోకుండా వాక్యాలే రాయండి. రోజుకు మూడు చాలు. బస్సు కోసం నిలబడ్డప్పుడు, బట్టలు ఆరేస్తున్నప్పుడు, ఆఫీసులో లిఫ్టు కోసం చూస్తున్నప్పుడు, కన్ను ఎక్కడ ఆగిందో గమనించండి. ఇది సమయం వృథా అని నాకూ అనిపించింది. నాలుగో రోజుకు నా వాక్యాల్లో ఎక్కువ భాగం వెలుగు గురించే ఉన్నాయని గమనించాను. మా బృందంలో ఒక అమ్మాయికి అన్నీ మనుషుల చేతుల గురించే వచ్చాయి. ఎవరి కన్ను దేనికి ఆగుతుందో వాళ్లకే ముందుగా తెలియదు. అది తెలిస్తే ఏం తీయాలి అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఏ కెమెరా, ఏ లెన్సు

దీని గురించి ఎక్కువ రాయను. చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టండి, ఫోనైనా సరే. ఫోనులో సెన్సార్, అంటే వెలుగును పట్టుకునే చిప్పు, చిన్నది. చాలా ఫోన్లలో అపర్చర్ మారదు. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక కనిపించే బ్లర్‌ను చాలావరకు సాఫ్ట్‌వేరే లెక్కకట్టి చేస్తుంది. అయినా వెలుగు, ఫ్రేము, క్షణం, ఈ మూడూ ఫోనుతో పూర్తిగా నేర్చుకోవచ్చు.

కెమెరా కొనేట్టయితే, వాడినదైనా పర్వాలేదు, మాన్యువల్ మోడ్ (అంకెలన్నీ మనమే పెట్టుకునేది), రా ఫైలు (సెన్సార్ పట్టినదాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచేది) రెండూ ఉన్నది చూసుకోండి. లెన్సుల విషయంలో ఒక్కటే గట్టిగా చెబుతాను: కనీసం మూడు నెలలు ఒకే ఫోకల్ లెంగ్త్‌తో ఉండండి. లెన్సు ఎంత వెడల్పు చూస్తుందో, ఎంత దగ్గరగా చూపిస్తుందో చెప్పే మిల్లీమీటర్ల అంకె అది. జూమ్ లెన్సే ఉంటే దాన్ని 35 దగ్గరో 50 దగ్గరో పెట్టి, తిరగకుండా టేపు అంటించండి. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెసాఁ తన జీవితంలో ఎక్కువ భాగం 50 ఎంఎం లెన్సు ఒక్కదానితోనే పనిచేశాడు. ఒకే లెన్సు వాడుతుంటే, కెమెరా కంటికి ఆనించకముందే ఫ్రేములో ఏం పడుతుందో తెలిసిపోతుంది. దగ్గరికి కావాలంటే కాళ్లతో నడవాలి. అలా నడిచేటప్పుడే కోణం మారి, అనుకోని మంచి ఫొటోలు దొరుకుతాయి.

నలిపిన కాగితంతో ఒక మధ్యాహ్నం

నాకు ఎక్కువ నేర్పింది ఒక తెల్ల కాగితం. మాస్టారు అందరికీ ఇచ్చిన పని అది. కాగితాన్ని ఉండలా నలిపి, కాస్త విప్పి, కిటికీ పక్కన బల్ల మీద పెట్టాలి. గదిలో దీపాలన్నీ ఆర్పేయాలి. కాగితాన్ని కదపకుండా, మనమే దాని చుట్టూ తిరుగుతూ తీయాలి.

కిటికీకి వీపు పెట్టి తీస్తే వెలుగు కాగితానికి ఎదురుగా పడుతుంది. అప్పుడు మడతలన్నీ చదునుగా, కాగితం పల్చటి బిళ్లలా కనిపిస్తుంది. కిటికీ మీకు పక్కగా వచ్చేలా జరగండి. ప్రతి మడతకూ ఒకవైపు వెలుగు, ఇంకోవైపు నీడ వచ్చి కాగితానికి లోతు వస్తుంది. ఇంకా జరిగి, కాగితం మీకూ కిటికీకీ మధ్య ఉండేలా నిలబడండి. పల్చగా ఉన్నచోట వెలుగు కాగితంలోంచి దూరి వస్తుంది, అంచులు మెరుస్తాయి, ముందు భాగం చీకటవుతుంది. వస్తువు అదే, గది అదే. మారింది మనం నిలబడిన చోటు మాత్రమే.

తర్వాత నీడవైపు ఒక తెల్ల గుడ్డ పట్టుకోండి. కిటికీ వెలుగు దాని మీద పడి వెనక్కి వచ్చి, నల్లగా ఉన్న నీడలు బూడిద రంగుకు తేలతాయి. గుడ్డను దగ్గరికీ దూరానికీ జరుపుతూ చూడండి. తర్వాత కాగితాన్ని కిటికీ నుంచి గది లోపలికి జరుపుకుంటూ పోండి. వెలుగు ఎంత త్వరగా తగ్గిపోతుందో చూసి నేను ఆశ్చర్యపోయాను. దీపం లాంటి చిన్న వెలుగైతే దూరం రెట్టింపైనప్పుడు వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కిటికీ పెద్దది కాబట్టి దాని పక్కనే ఈ లెక్క కచ్చితంగా కుదరదు కానీ, తీరు అదే. కళ్లు వెంటనే సర్దుకుంటాయి కాబట్టి మనకు ఈ తేడా తెలియదు, కెమెరాకు తెలుస్తుంది.

వెలుగు మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అన్నది కూడా కాగితం మీదే తెలుసుకోవచ్చు. వస్తువు వైపు నుంచి చూస్తే వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దగా ఉంటే, నీడ అంచులు అంత మెత్తగా ఉంటాయి. సూర్యుడు ఎంత పెద్దవాడైనా ఇంత దూరం నుంచి ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న చుక్క మాత్రమే. అందుకే మిట్టమధ్యాహ్నపు ఎండలో నీడలు కత్తితో కోసినట్టు పడతాయి. మబ్బు పడితే ఆకాశమంతా ఒకే పెద్ద దీపమవుతుంది, నీడలు కరిగిపోతాయి. నేరుగా ఎండ పడే కిటికీకి పల్చటి తెర వేసినా అంతే, తెర మొత్తం దీపమవుతుంది. ఉదయం, సాయంత్రం వెలుగు బంగారు రంగులో ఉండటానికి కారణం, కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి రావడం. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు, పసుపు మిగులుతాయి. ఆ వేళ సూర్యుడు కిందికి ఉంటాడు కాబట్టి వెలుగు పక్క నుంచి వస్తుంది. కాగితం మీద పక్క వెలుగు చేసిన పనే, వీధి మొత్తానికీ చేస్తుంది.

ఈ అభ్యాసం చేసిన వారం తర్వాత అమ్మ కిటికీ దగ్గర సూదిలో దారం ఎక్కిస్తోంది. నేను ఎప్పుడూ చేసేలా ఎదురుగా నిలబడి తీయబోయి ఆగాను. వెలుగు ఎటు నుంచి వస్తోందో చూసి రెండడుగులు పక్కకు జరిగాను. వేళ్ల మీద ముడతలు, దారం కొస, సూది బెజ్జం, వీటి మీద మాత్రమే వెలుగు నిలిచింది. నా పుస్తకంలో మొదటి వాక్యం ఆ ఫొటోదే.

మూడు అంకెలు వాక్యానికి లోబడాలి

అపర్చర్, షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందో), ఐఎస్ఓ అనే మూడింటినీ అందరూ త్రిభుజం గీసి చెబుతారు. నాకు త్రిభుజంతో పని జరగలేదు. వాక్యంలో ఏ మాట ముఖ్యమో చూసుకుని, ఆ మాటకు సంబంధించిన అంకెను ముందు పెట్టుకోవడంతో జరిగింది.

వాక్యంలో "మీదే", "ఒక్క", "మాత్రమే" లాంటి మాట ఉంటే అపర్చర్‌తో మొదలుపెడతాను. ఫోకల్ లెంగ్త్‌ను లెన్సు రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ అంకె. 50 ఎంఎం లెన్సులో ఎఫ్/2 అంటే రంధ్రం 25 మిల్లీమీటర్లు, ఎఫ్/4 అంటే 12.5. భాగహారం కాబట్టే అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది, అంటే రెండు స్టాపుల వెలుగు తగ్గింది. వెలుగు సగమైనా, రెట్టింపైనా ఒక స్టాపు. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 వరుసలో ఒక్కో మెట్టుకూ వెలుగు సగమవుతుంది. చిన్న అంకె పెడితే ఫోకస్‌లో ఉండే లోతు తగ్గి, వెనకదంతా మసకబారుతుంది. ఆ లోతు అపర్చర్ ఒక్కదాని చేతిలో లేదు. వస్తువుకు దగ్గరగా వెళ్లినా, పొడవు లెన్సు వాడినా తగ్గుతుంది. అమ్మ వేళ్లను ఎఫ్/2 దగ్గర తీసినప్పుడు సూది పదునుగా వచ్చింది, బొటనవేలు మసకైంది. ఎఫ్/4 పెట్టాక రెండూ వచ్చాయి, వెనక గోడ మసకగానే ఉంది. ఎప్పుడూ అతి చిన్న అంకె దగ్గరే తీయాలన్న మోజు మొదట్లో అందరికీ ఉంటుంది. దాన్ని త్వరగా దాటండి. అలాగని ఎఫ్/22 దాకా పోతే, చిన్న రంధ్రంలో వెలుగు వంగడం వల్ల ఫొటో మొత్తం కాస్త మెత్తబడుతుంది.

వాక్యంలో క్రియ ముఖ్యమైతే షట్టర్ స్పీడ్‌తో మొదలుపెట్టాలి. పరుగెత్తే పిల్లాడు గాల్లో ఆగినట్టు రావాలంటే 1/500 సెకను, ఇంకా వేగంగా 1/1000. నీళ్లు దారంలా సాగినట్టు రావాలంటే అర సెకనో ఒక సెకనో పెట్టి, కెమెరాను ట్రైపాడ్ మీదో గోడ మీదో ఉంచాలి. చేత్తో పట్టుకున్నప్పుడు షట్టర్ సమయం, ఒకటిని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చే భిన్నం కంటే ఎక్కువ ఉండకూడదని పాత లెక్క ఒకటుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో, అంటే సెన్సార్ పాత 35 ఎంఎం ఫిల్ము ఫ్రేమంత ఉన్నదానిలో, 50 ఎంఎంకు 1/50. సెన్సార్ చిన్నదైన ఏపీఎస్-సీ కెమెరాలైతే ఒకటిన్నరతో హెచ్చించి, దాదాపు 1/80 అనుకోవాలి. వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఉంటే ఇంతకంటే నిదానంగా కూడా తీయొచ్చు. కానీ అది మన చేతి వణుకును ఆపుతుందే తప్ప ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. ఈ తేడా తెలియక, ఇంట్లో 1/15 దగ్గర తీసిన పిల్లల ఫొటోలు ఎన్నో పోగొట్టుకున్నాను. కొన్ని ఎల్ఈడీ దీపాల కింద ఫొటోల మీద అడ్డ చారలు వస్తాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట అలాంటి దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి కాబట్టి, 1/50 లేదా 1/100 పెట్టి చూడండి.

ఐఎస్ఓ చివరిది. మిగతా రెండూ వాక్యం అడిగినట్టు పెట్టుకున్నాక వెలుగు చాలకపోతే, ఫొటో ప్రకాశాన్ని పెంచడానికి వాడతాం. అది సెన్సార్ మీద పడే వెలుగును పెంచదు. చీకట్లో తీసిన ఫొటోల్లో నాయిస్, అంటే గింజగింజలుగా మచ్చలు, కనిపించడానికి అసలు కారణం వెలుగు తక్కువగా దొరకడమే. అందుకని ఐఎస్ఓ పెంచడానికి భయపడకండి. 3200 దగ్గర కాస్త గింజ కనిపించినా పదునుగా ఉన్న ఫొటో, 400 దగ్గర ఊగిపోయిన ఫొటో కంటే వెయ్యి రెట్లు మేలు.

మొదటి రెండు నెలలు అపర్చర్ ప్రయారిటీలో ఉండండి. అపర్చర్ మీరు పెడతారు, షట్టర్ కెమెరా చూసుకుంటుంది, ఆటో ఐఎస్ఓకు ఒక పై హద్దు పెట్టుకుంటారు. పూర్తి మాన్యువల్ రాకపోతే ఫొటోగ్రాఫర్ కానట్టే అన్న టెన్షన్ పెట్టుకోవద్దు. కానీ ఎండలో ఒక పూట మాన్యువల్‌లో తప్పకుండా తీయండి. మబ్బు లేని ఎండకు ఎఫ్/16, షట్టర్ ఒకటిని ఐఎస్ఓతో భాగించినంత, అంటే ఐఎస్ఓ 100కు దాదాపు 1/100 అని ఫిల్ము రోజుల నుంచీ ఒక కొలత ఉంది. దాంతో మొదలుపెట్టి, అపర్చర్ ఒక మెట్టు తెరిచినప్పుడల్లా షట్టర్‌ను ఒక మెట్టు వేగం పెంచుతూ పోండి. ఎఫ్/11కు 1/200, ఎఫ్/8కు 1/400. ఫొటోల వెలుగు ఒకేలా ఉంటుంది, తీరు మారుతుంది. నాకు స్టాపు అంటే ఏమిటో అప్పుడే ఒంటబట్టింది.

తెల్ల పిల్లి బూడిద రంగులో ఎందుకొచ్చింది

మాలో ఒకాయన ఇంట్లో తెల్ల పిల్లి ఉంది. తెల్ల దుప్పటి మీద పడుకున్న దాని ఫొటో పెట్టారు. పిల్లీ దుప్పటీ రెండూ మురికి బూడిద రంగులో ఉన్నాయి. కెమెరా చెడిందేమోనని బాధపడ్డారు. కెమెరా తన పని తాను చేసింది. ఎదురుగా ఉన్నదంతా కలిపితే సగటున ఒక మధ్యస్థపు బూడిద రంగంత వెలుగు ఉంటుందని వెలుగు కొలిచే దాని మీటరు అనుకుంటుంది. అన్నీ తెల్లగా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది. అన్నీ నల్లగా ఉంటే పెంచి, నలుపును కూడా బూడిద చేస్తుంది. దీనికి మందు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా లెక్కకట్టిన వెలుగును మనం స్టాపుల్లో పెంచడమో తగ్గించడమో. ప్లస్, మైనస్ గుర్తుల బటన్ చాలా కెమెరాల్లో ఉంటుంది. తెల్లటి దృశ్యానికి ప్లస్ 1 లేదా ఇంకాస్త, నల్లటి దృశ్యానికి మైనస్ 1. ఆయన ప్లస్ 1.3 పెట్టి మళ్లీ తీశారు. ఈసారి పిల్లి తెల్లగా వచ్చింది.

వెనక స్క్రీన్‌ను నమ్మొద్దు. ఎండలో చీకటిగా, రాత్రి మరీ వెలుగుగా కనిపించి మోసం చేస్తుంది. హిస్టోగ్రామ్ చూడండి. ఫొటోలో ఎంత చీకటి, ఎంత వెలుగు ఉన్నాయో చూపే గ్రాఫు అది. ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. గ్రాఫు కుడి గోడకు గుద్దుకుని నిలబడితే ఆ మేరకు తెలుపులో వివరం పోయిందన్నమాట, దాన్ని తిరిగి తేవడం కష్టం. హిస్టోగ్రామ్‌కు ఫలానా ఆకారమే మంచిదని ఏమీ లేదు. రాత్రి వీధికి ఎడమవైపు గుట్ట ఉండటమే సహజం.

ఫోకస్ గురించి ఒక్క మాట. మొత్తం ఫ్రేములో ఎక్కడ ఫోకస్ చేయాలో కెమెరాకు వదిలేస్తే, తరచూ దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. ఒకే పాయింట్ పెట్టుకుని, వాక్యంలోని వస్తువు మీద మీరే ఉంచండి. మనుషులైతే దగ్గరగా ఉన్న కన్ను మీద.

అంచులు, 23 సెకన్లు

ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద ఉంచాలన్న మూడింట ఒక వంతు నియమం అందరూ చెబుతారు, అది వాడుకోండి. నాకు ఎక్కువ ఉపయోగపడింది అంచులు చూడటం. షట్టర్ నొక్కేముందు కన్నును ఫ్రేము నాలుగు అంచుల వెంట ఒకసారి తిప్పండి. సగం తెగిన చెయ్యి, మూలలోంచి తొంగిచూసే ప్లాస్టిక్ సంచి, తలలోంచి మొలిచినట్టున్న స్తంభం అప్పుడే దొరుకుతాయి. ప్రతి వస్తువునూ "నీకు వాక్యంలో చోటుందా" అని అడగండి. లేకపోతే ఒక అడుగు ముందుకో, పక్కకో, మోకాళ్ల మీదికో. నా ఫొటోల్లో మంచివి అనుకున్నవాటిలో చాలావరకు మూడోసారో నాలుగోసారో జరిగాక వచ్చినవే.

1975లో కొడాక్ కంపెనీ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన డిజిటల్ కెమెరా, 0.01 మెగాపిక్సెల్ నలుపు తెలుపు చిత్రం ఒకదాన్ని క్యాసెట్ టేపు మీద రాసుకోవడానికి 23 సెకన్లు తీసుకునేది. ఈ సంగతి చదివాక నేను ఒక అభ్యాసం పెట్టుకున్నాను. వారంలో ఒక రోజు, ఒక ఫొటో తీశాక 23 సెకన్లు ఆగి గానీ ఇంకొకటి తీయను. ఆ ఆగిన సమయంలో ఇప్పుడు తీసినదానిలో వాక్యం ఉందా లేదా అని చూసుకుంటాను. సెకనుకు పది ఫొటోలు తీసే కెమెరా చేతిలో ఉన్నప్పుడు ఇది కష్టమే. ఆ రోజు 30 ఫొటోలు మించవు. వాటిలో ఉంచుకునేవి మాత్రం మామూలు రోజుల కంటే ఎక్కువే ఉంటాయి.

ఇంటికొచ్చాక

రా ఫైలు, జేపెగ్ రెండూ తీయమని సలహా ఇస్తాను. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. నీడల్ని పైకి లాగినప్పుడు, వైట్ బ్యాలెన్స్ మార్చినప్పుడు ఆ తేడా కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో నా వరుస ఇది: ముందు క్రాప్, తర్వాత వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేయడం), తర్వాత మొత్తం వెలుగు, ఆ పైన నీడలు. రంగులు పెంచే స్లైడర్ చివరిది. పూర్తయ్యాక వెంటనే ఎవరికీ పంపను. మర్నాడు పొద్దున చూస్తే ముందు రోజు పెంచిన రంగులో సగం వెనక్కి తగ్గిస్తాను.

బ్యాకప్ మాట బాధతోనే రాస్తున్నాను. ఆ మొదటి 4,000 ఫొటోలు ఒకే హార్డ్ డిస్కులో ఉండేవి. ఒక రోజు అది తెరుచుకోలేదు. వాటిలో గొప్ప ఫొటోలు లేవు, కానీ ఇప్పుడు లేని మా పెద్దమ్మ నవ్వు ఉంది. ఇప్పుడు మూడు ప్రతులు ఉంచుతాను: రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి ఇంట్లో కాకుండా వేరేచోట. రెండు చోట్ల కాపీ అయ్యిందని కళ్లారా చూశాకే కార్డును కెమెరాలో పెట్టి ఫార్మాట్ చేస్తాను. ఈ ఒక్క పని ఈ రోజే చేయండి.

చూపించడం, వినడం

ఒంటరిగా నేర్చుకుంటే మన తప్పు మనకు కనబడదు. తీసినప్పటి ఎండ, గాలి, మనసు అన్నీ మనకు గుర్తుంటాయి, ఫొటోలో లేనిదాన్ని కూడా మనమే నింపుకుంటాం. అక్కడ లేని మనిషికి ఫొటోలో ఉన్నదే కనిపిస్తుంది. మాకు ఒకరికొకరం అందుకే కావాలి. ఐదారుగురు చాలు, కానీ ప్రతి వారం రావాలి.

మా పద్ధతి ఇది. ఒక్క ఫొటోనే పెట్టాలి. నాలుగు పెట్టి ఏది బాగుందో చెప్పమనడం, మన పనిని ఇంకొకరికి అప్పగించడమే. ఫొటో కింద శీర్షిక, కథ ఏమీ రాయకూడదు. మిగతా వాళ్లు "బాగుంది" అనే మాట వాడకుండా రెండు సంగతులు రాయాలి: కన్ను మొదట ఎక్కడికి వెళ్లింది, తర్వాత ఎక్కడికి వెళ్లింది. అందరూ రాశాక ఫొటో తీసినవాళ్లు తమ వాక్యం బయటపెడతారు. అమ్మ వేళ్ల ఫొటోకు ఎనిమిది మందిలో ఆరుగురు సూది అన్నారు, ఒకరు గోరు అన్నారు. ఒకావిడ మాత్రం వెనక గోడ మీద తెల్లటి స్విచ్చు అన్నారు. నేను దాన్ని అసలు చూడనే లేదు. మర్నాడు ఫొటో తెరిస్తే నాకూ ముందు స్విచ్చే కనిపించింది. కాస్త క్రాప్ చేసి తీసేశాను.

ఇంకొకరి ఫొటో గురించి రాసేటప్పుడు "నా కన్ను ఇక్కడ ఆగింది" అనండి. "నువ్వు ఇలా తీయాల్సింది" అంటే కొత్తవాళ్లు వచ్చే వారం పెట్టడం మానేస్తారు. అలా ఒకరు మాకు దూరమయ్యారు. మేం మళ్లీ పిలిచినా రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు బాధగానే ఉంది.

అందరి మాటా వినాలి, అన్నీ పాటించక్కర్లేదు. సైకిల్ సీటు ఫొటోను దాదాపు అందరూ మరీ చీకటిగా ఉందన్నారు. ఆ చీకటి ఉంటేనే నీళ్లలో ఆకాశం వెలుగుతుందని నాకు అనిపించింది, అలాగే ఉంచాను. వాక్యం ఉంది కాబట్టే ఆ రోజు గట్టిగా నిలబడగలిగాను.

ఇంకో ఆట చెబుతాను. ఫొటోలో దాగి ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ అన్నీ ఉంటాయి. దాన్ని చూడకముందే ఇంకొకరి ఫొటో సెట్టింగులు ఊహించండి. చక్రం ఆకులు ఎంత సాగాయి, వెనక చెట్టు ఎంత కరిగింది అని చూస్తూ ఊహిస్తుంటే కొన్నాళ్లకు ఒక స్టాపు తేడాతో చెప్పగలుగుతారు. అదే ఎగ్జిఫ్‌లో, ముఖ్యంగా ఫోనుతో తీసినవాటిలో, ఫొటో తీసిన చోటు కూడా ఉండొచ్చు. ఇంట్లో తీసినవి, పిల్లలవి పంపేముందు లొకేషన్ తీసేయండి. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తే అడిగి పెట్టండి. అమ్మ వేళ్ల ఫొటో పెట్టేముందు అమ్మను అడిగాను. "ముఖం లేదుగా, నన్నెందుకు అడుగుతావే" అంది. కాసేపాగి, "గోళ్లు కత్తిరించుకున్నాక తీయాల్సింది" అని కూడా అంది.

ఈ వారం మా అంశం "అంచు". మా మేడ మెట్ల చివర ఒక పగిలిన అద్దం ముక్క ఆనించి ఉంది. పొద్దున ఆరుంపావు దాటాక ఎండ దాని అంచు మీద సన్నటి గీతలా నిలబడుతుంది. పది నిమిషాల కంటే ఎక్కువ ఉండదు. వాక్యం రాసి నాలుగు రోజులైంది. రెండు రోజులు మబ్బు, ఒక రోజు నేనే ఆలస్యంగా లేచాను, నిన్న తీసినదానిలో గీత ఉంది కానీ వెనక తీగ మీద ఆరేసిన చొక్కా అడ్డొచ్చింది. ఈ రాత్రే చొక్కా తీసేసి, కెమెరాలో ఎఫ్/5.6, మైనస్ 1 పెట్టి, ట్రైపాడ్‌ను మెట్ల దగ్గర ఉంచాను. అలారం ఐదున్నరకు.